ధ్వనిని దిద్దు పది మీటలు

నేడు పాట వినిపించు సాధనము లేని యిల్లు కానరాదు. చేతిలోని ఫోను గాని, గోడనున్న టెలివిజను గాని, పూర్వపు టేపురికార్డరు గాని ఏదో యొకటి ప్రతి గృహమునందును పలుకుచునే యున్నది. వీనిలో పెక్కింటియందు ఈక్వలైజరు అను నొక యమరిక కలదు. దానిని ముట్టువారు మాత్రము మిక్కిలి తక్కువ. ముట్టువారును పిల్లలే. వారు మీటలన్నిటిని పైకి త్రోసి, కిటికీ తలుపులు అదరునట్లు చేసి, దీని ప్రయోజన మింతేయని వదలివేయుదురు. గృహిణులకు దీనితో పనియే లేదని పలువురి తలంపు. పని యున్నదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి. పులుసులో ఉప్పెంత, పులుపెంత, బెల్లమెంత యని నాలుకతో నిర్ణయించుకొనగలవారికి ఈ మీటలు కష్టమైనవి కావు. ఇంకొక కారణమును కలదు. మా యింట నొక వృద్ధురాలు తనకిక దక్కవనుకొని విడిచిపెట్టిన పద్యములు వీని మూలముననే ఆమెకు మరల దక్కినవి. ఆ సంగతి తరువాత వ్రాసెదము.

మా యింటనున్నది పాత పెట్టె. మా వారు పనిచేయు పాఠశాలలో వార్షికోత్సవములకు చాలకాలము వాడి, పిదప మూలపడియుండగా, వేలమునందు యాంప్లిఫయరుతో గూడ కొని తెచ్చిరి. ముందువైపున పది నిలువు కంతలును, ఒక్కొక్క కంతలో పైకి క్రిందికి జరుగు నొక మీటయు కలవు. మీటల క్రింద వరుసగా 31, 62, 125, 250, 500, 1000, 2000, 4000, 8000, 16000 అను సంఖ్యలు వ్రాసియున్నవి. ఇవి సెకనుకు ఎన్ని కంపనములో తెలుపు లెక్కలు. మీట నడుమనున్న యెడల దాని ప్రభావము సున్న. పైకి జరిపినచో ఆ సంఖ్యకు చేరువనున్న ధ్వని పెరుగును, క్రిందికి జరిపినచో తగ్గును. ఫోనులో ఐదు మీటలే యుండవచ్చును. సభామండపములలో వాడు పెద్దవానికి 31 మీటలుండును. పద్ధతి అంతటను ఒక్కటియే.

ఈక్వలైజరు అనగా సమానము చేయునది. టెలిఫోను తొలిదినములలో దూరపు తీగల వెంట మాట ప్రయాణము చేయునప్పుడు హెచ్చు కంపనములు గల ధ్వనులు దారిలో ఎక్కువగా క్షీణించుచుండెను. దారిలో పోయినదానిని తిరిగి కూర్చి, ఇచ్చట పలికినదియు అచ్చట వినబడినదియు సమానమగునట్లు చేయుటకై ఇంజనీర్లు కల్పించిన యుపాయమునకే ఆ పేరు వచ్చినది. పుట్టుకతోనే ఇది ఆర్భాటమునకు గాక, పోయినదానిని పూరించుటకు ఏర్పడిన సాధనమని గమనింప వలయును. గ్రాఫిక్ అను విశేషణము గీతకు సంబంధించినది. పది మీటల తలలను పది చుక్కలనుకొని ముగ్గు కలిపినట్లు ఊహలో కలిపినచో, ధ్వని ఎచ్చట లేచినదో ఎచ్చట అణగినదో ఆ గీతయే చూపును.

సంఖ్యలను చూచి బెదర నక్కరలేదు. సరళీస్వరములు నేర్చినవారికి ఇవి చుట్టములే. ప్రతి సంఖ్యయు తనకు ముందున్నదానికి రెండింతలని మీకీపాటికి తోచియే యుండును. మధ్యస్థాయి షడ్జమునకు ఎన్ని కంపనములో, తారస్థాయి షడ్జమునకు సరిగా అంతకు రెండింతలు. కాబట్టి ఒక మీటనుండి మరియొక మీటకు పోవుట యనగా ఒక స్థాయి పైకెక్కుట. పది మీటలు పది స్థాయిలు. ఆడువారు సామాన్యముగా పాడు ఐదున్నర శ్రుతిలో మధ్యషడ్జమునకు సుమారు 208 కంపనములు, మంద్రషడ్జమునకు 104, తారషడ్జమునకు 415. మంద్రపంచమము మొదలు తారపంచమము వరకు పాడు గాయని స్వరములన్నియు 125, 250, 500 అను మూడు మీటల పరిధిలోనే యిమిడిపోవును.

అట్లయిన పైనున్న ఐదు మీటలకును పని యేమని మేము మొదట మా వారిని ప్రశ్నించితిమి. వారు గణితోపాధ్యాయులగుటచేత లెక్కతో చెప్పబోయిరి. మాకు తంబూరతో తెలిసినది. చక్కగా శ్రుతి చేసిన తంబూరయొక్క మంద్రషడ్జపు తీగను మీటి చెవి యొగ్గినచో, ఎవ్వరును మీటని అంతరగాంధారము దానిలోనుండి పలుకును. పెద్దలు దానిని స్వయంభూగాంధారమనిరి. ఆ తీగ 104 కంపనములది యైనచో, ఈ గాంధారము దానికి ఐదింతలు, అనగా 520. దానిపైన ఆరింతలు, ఏడింతలు, ఎనిమిదింతలుగ ఇంకను సన్నని స్వరములు కలవు. ఏ నాదమైనను ఒంటరిగా రాదు, తన పరివారముతోనే వచ్చును. వీణకును వేణువునకును ఒకే షడ్జమైనను భేదము తెలియుట ఈ పరివారమును బట్టియే. పై మీటలు ఏలునది ఆ పరివారమును.

పరివారము మాట యటుండగా, అక్షరముల మాట ఇంకను ముఖ్యమైనది. వ్యాకరణము చదివినవారికి పరుషములు, సరళములు, ఊష్మములు అను విభాగము తెలియును. మన పూర్వులు నోటిలో పుట్టుచోటును బట్టి విడదీసిన యీ యక్షరములు మీటల మీదను వేరువేరు చోట్లనే నిలుచుట మాకు కడు వేడుకగా నున్నది. ‘ఆ’ అను అచ్చును షడ్జమున ఎంతసేపైన నిలుపవచ్చును. ‘స్’ అను హల్లును ఏ స్వరమునను నిలుపజాలము, అది కేవలము ఊపిరి ఒరసికొని పోవు చప్పుడు. దాని బలమంతయు 4000కు పైన 8000 ప్రాంతమున నుండును. శకారము దానికంటె కొంత దిగువన, 3000 ప్రాంతమున మొదలగును. క, ట, త, ప మొదలగు పరుషములు పెదవియో నాలుకయో విడివడిన లిప్తలో చిటికెవలె పుట్టి మాయమగును. ఆ చిటికెల భేదము తెలుపు ధ్వని అధికముగా 1500కును 4000కును నడుమనున్నది. మాటలోని బలమంతయు అచ్చులయందు క్రింది మీటలలో నుండగా, ఈ మాటయా ఆ మాటయా యని తేల్చునది హల్లు. అది బలము లేనిది, పైమీటలలో నివసించునది. పాత టెలిఫోనులు 300 మొదలు 3400 కంపనముల వరకే మోసికొనిపోవుచుండుటచేత, పేరు చెప్పునప్పుడు ‘సీతలోని స’ యని విడమరచి చెప్పవలసి వచ్చెడిది.

ఇక అభ్యాసము. మీకు అక్షరమక్షరము కంఠస్థమైన దానిని ఎన్నుకొనుడు. మేము 1963లో వెలువడిన శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతమును, మృదంగముతో గూడిన యొక కచేరిని ఎంచుకొంటిమి. మీటలన్నిటిని నడుమ నుంచి, ఒక్క మీటను మాత్రము అడుగంట దింపి విని, పూర్తిగ పైకెత్తి విని, మరల నడుమకు తెచ్చి, రెండవదానికి పోవలెను. రెండు మీటలను ఒక్కసారి కదల్పరాదు. పచ్చడిలో ఇంగువయు మెంతియు ఒక్కమారే వేసినచో చేదు దేనిదో తెలియనట్లే ఇదియును.

చిన్న స్పీకరులలో 31వ మీట కదలినను ఏమియు తెలియదు, వానికి ఆ ధ్వనిని పలికించు శక్తియే లేదు. 62, 125 మీటల యందు మృదంగపు ఎడమ మూతయు, శ్రుతిపెట్టె గుంయిమనుటయు నుండును. 250ని ఎక్కువచేసినచో గొంతు కుండలో నోరుపెట్టి పలికినట్లుండును, మరీ తక్కువచేసినచో గొంతులోని రక్తము ఇంకిపోయినట్లు పాలిపోవును. 500, 1000 మీటలు హద్దుమీరిన రేకుడబ్బాలోనుండియో ముక్కుతోడనో పాడినట్లగును. 2000ను ఎత్తగానే గాయని రెండడుగులు ముందుకు వచ్చినట్లు తోచును, కాని కొంతసేపటికే తల నొచ్చును. 4000 మాటలకు అంచు పెట్టును. 8000 దగ్గర సకారములు బుసకొట్టును, తాళములు గలగలలాడును. 16000ను కదల్చినప్పుడు మా పిల్లలు వెంటనే కనిపెట్టిరి, మాకు కొద్దిగా తెలిసినది, మా అత్తగారికి ఏమియు తెలియలేదు.

మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. పోతనగారి భాగవతములోని గజేంద్రమోక్షము ఆమెకు బాల్యమునుండి నోటికి వచ్చును. సంధ్యాదీపము వెలిగించిన పిదప పద్యపఠనము వినుట ఆమెకు నిత్యకృత్యము. చూపు తగ్గి గ్రంథము పట్టుట మానిన తరువాత ఆ వినికిడియే ఆమెకు గ్రంథము. అట్టి యామె రెండేండ్లుగా ‘గట్టిగా పెట్టు’ మనుచు, పెట్టినంతనే ‘చెవులు చిల్లులు పడుచున్నవి, తగ్గించు’ మనుచు వచ్చిరి. ఇంటిల్లిపాదికిని ఇది పెంకితనముగా తోచెను. చూడవచ్చిన చుట్టమొకామె ఇది వయసుతో వచ్చు చాదస్తమని ఆమె యెదుటనే అనెను. ఆమెకు వినబడదనియే ఆ చుట్టము తలచియుండును. ఆ మాట మాత్రము వినబడినది. నాటినుండి మా అత్తగారు దీపము పెట్టగానే జపమాల తీసికొని పెరటి అరుగుమీదికి పోవుట మొదలిడిరి.

ఒకనాడు ప్రక్కన కూర్చుండి, ‘అత్తయ్యగారూ, ఏల రారు?’ అని యడిగితిమి. ‘రాగము వినబడుచున్నది అమ్మాయీ, పద్యము వినబడుట లేదు’ అనిరి. మా వారీ మాటను చమత్కారముగ గ్రహించి నవ్విరి. మాకు నవ్వు రాలేదు. పగలంతయు వంటయింటిలో జరుగునది మనసునకు వచ్చినది. ‘పాలు కావలెనా?’ యని మేమడిగిన, ‘చాలు నమ్మా, చాలు’ నని ఆమె చేయడ్డము పెట్టుచుండిరి. పాలు ఆమెకు చాలుగా వినబడుచున్నది. ఆకారము చేరినది, లకారము చేరినది, మొదటి హల్లు చేరలేదు.

వయసు పైబడినప్పుడు చెవి ఒక్కసారిగా అంతటను మందగింపదు. పైనుండి క్రిందికి, అనగా 8000, 4000 కంపనముల వైపునుండి ముందుగా మందగించుచు వచ్చును. క్రింది స్థాయిలు చాలకాలము చక్కగానే యుండును. కావున తంబూర నాదము, మృదంగము, అచ్చుల సాగు అన్నియు వినబడుచునే యుండును, పరుషములును ఊష్మములును రాలిపోవును. అచ్చులు మాత్రము మిగిలిన పద్యము కేవలము రాగమే గదా! ప్రాసాక్షరము ఏదో తెలియని పద్యమును విని ఏమి సుఖపడుదురు? ఇంతటితో ఆగదు. క్రింది స్థాయిలోని బలమైన ధ్వని తనకంటె పైనున్న సన్నని ధ్వనిని కప్పివేయు స్వభావము గలది. మొత్తము ధ్వనిని పెంచినకొలదియు ఆ కప్పు దట్టమగునే గాని తొలగదు. మరియు నిట్టి చెవులు చిన్న ధ్వనిని విననేరకున్నను పెద్ద ధ్వనిని మనవలెనే, ఒక్కొక్కప్పుడు మనకంటె దుస్సహముగ వినును. ‘గట్టిగా పెట్టు, తగ్గించు’ అని ఆమె వెంటవెంటనే అనుట పెంకితనము కాదు, యథార్థము.

మొదట జిల్లా పట్టణమునకు గొనిపోయి చెవి వైద్యులకు చూపించితిమి. ఇది ఎవ్వరును మానరాని పని. గుబిలి పేరుకొనినను, లోపల చీము పట్టినను మీటలతో తీరునది కాదు. వైద్యశాలలో పరీక్షచేసి యిచ్చిన పటమును చూచి మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగెను. దాని తలకట్టున 250, 500, 1000, 2000, 4000, 8000 అని మా పెట్టెమీది సంఖ్యలే యున్నవి! ఏ స్థాయిలో చెవి ఎన్ని డెసిబెల్లులు మందగించినదో ఒక్కొక్క సంఖ్య క్రిందను గుర్తు పెట్టియున్నది. 1000 వరకు గీత ఇంచుమించు సమముగా నడచి, 2000 వద్ద 40కి దిగి, 4000 వద్ద 60కి జారిపోయినది. మెట్లబావి వలె నున్నదని మా అమ్మాయి అన్నది.

వైద్యుల సలహాపై శ్రవణయంత్రము కొంటిమి. మాటలాడుకొనుటకు అది చాల ఉపకరించినది, నేటికిని ధరించుచున్నారు. సాయంకాలపు పఠనమునకు మాత్రము అది ఆమెకు సయింపలేదు. స్పీకరు పద్యమును యంత్రము మరల పలుకుట ఒకరు చెప్పినదాని నింకొకరు చెప్పినట్లున్నదని తీసి పెట్టెలో పెట్టుచుండిరి. అప్పుడు మేము ఆ పటమును పెట్టె ప్రక్కన నుంచి మీటల వైపు చూచితిమి.

మా పద్ధతిని కొంచెము వివరముగ వ్రాసెదము, ఏలయన ఇట్టి అత్తగారలు, తల్లులు మీ యిండ్లలోను ఉందురు. మొదటి సాయంకాలము ఏ మీటను పైకి ఎత్తలేదు, తగ్గించుటయే చేసితిమి. 62, 125 మీటలను ఆరేసి డెసిబెల్లులు, 250ని నాలుగు దించితిమి. కప్పియున్నదానిని తొలగించినగాని అడుగున నున్నది కనబడదు గదా. మా అత్తగారు ‘తంబూర దూరముగా జరిపిరా?’ అని యడిగిరి. అంతకుమించి ఏమియు అనలేదు గాని, ధ్వనిని తగ్గింపుమని ఆనాడు చెప్పలేదు.

రెండవ సాయంకాలము 2000ను మూడు, 4000ను ఐదు డెసిబెల్లులు ఎత్తితిమి. పటములో 60 లోపమున్నది గదా, 60 ఎత్తవలదా యని మీరడుగవచ్చును. కూడదు. శ్రవణయంత్రములు చేయువారిలో ఒక పాత లెక్క కలదు. లోపమెంతయో అందులో సగమే పూరింప వలెను, అంతకు మీరినచో చెవి ఓర్వలేదు. మా పెట్టెలోని మీట మొత్తము ఎత్తినను 12 డెసిబెల్లులే. ఇంటిలో తక్కిన చెవులును కలవు. కావున ఐదుతో ఆగితిమి. 8000ను రెండు ఎత్తి చూచితిమి, పద్యము చదువునాయన ఊపిరియు, టేపు బుసయు తప్ప ఆమెకు అదనముగ ఏమియు చేరలేదు. దానిని మరల నడుమకు తెచ్చితిమి. పూర్తిగా పోయినచోట ఎంత పోసినను నిలువదు.

‘బాగున్నదా?’ యని యడుగుట వలన ప్రయోజనము లేదు. కోడలి శ్రమను చూచి అత్తగారు బాగున్నదనియే అందురు. అందుచేత మా అమ్మాయిచేత కాలు, పాలు, తాలు, చాలు అను మాటలను కలగాపులగముగ ఇరువదిసార్లు చదివించి ఫోనులో పట్టి, స్పీకరులో వినిపించి, వినబడిన మాటను తిరిగి చెప్పుడని కోరితిమి. మీటలు నడుమనుండగా ఇరువదింటిలో తొమ్మిది సరిగా చెప్పిరి. దిద్దిన పిమ్మట పదునైదు. మరునాడు మాటల వరుస మార్చి మరల పెట్టితిమి, పదునాలుగు. ఆమెకీ పరీక్ష చాల నచ్చినది. తప్పినవేవో చెప్పుమని పసిపిల్లవలె పట్టుబట్టిరి.

మూడవ సాయంకాలము మేము మీటలను ముట్టలేదు. దీపము పెట్టిన తరువాత ఆమె అరుగుమీదికి పోక, గోడ నానుకొని కూర్చుండిరి. మకరి గజేంద్రుని కాలు పట్టిన ఘట్టము వచ్చునప్పటికి ఆమె పెదవులు కదలుట చూచితిమి. పఠించునాయనకు వెనుకగా గాదు, ఆయనతో సమముగా, ఒక్కొక్కచోట ముందుగా. రెండేండ్ల తరువాత! మా వారు పరీక్షపత్రములు దిద్దుచున్నవారు కలము ప్రక్కనబెట్టి లోపలికి పోయిరి.

ఇట్లు కుదిరిన అమరికను ఒక కాగితముమీద పది చుక్కలుగ గుర్తించి పంచాంగములో నుంచితిమి. పిల్లలు మీటలను ఎంత కలచినను, ఆ ముగ్గు చూచి మరల సర్దుట నిమిషము పని.

ఇక కొన్ని మెలకువలు. డెసిబెల్లు అను లెక్క మోసకారి. మూడు ఎత్తినచో యంత్రముపై భారము రెట్టింపు, పది ఎత్తినచో పదింతలు. అంత చేసినను చెవికి తోచునది ఇంచుమించు రెండింతలే. 12 ఎత్తుట యనగా ఆ స్థాయిలో పదునారింతల బలమును కోరుట. చిన్న యంత్రము దానినెక్కడనుండి తెచ్చును? ధ్వని శిరస్సులు తెగి బరబరమని పగిలిపోవును. కావున మీట నెత్తినప్పుడు మొత్తము ధ్వనిని కొంత తగ్గింపవలెను. ఫోనులలో దీనికై వేరుగా నొక మీట యుండుటయు కలదు. మీటలన్నిటిని సమముగా ఎత్తుట శుద్ధ వ్యర్థము, అది ధ్వని పెంచుటయే గాని దిద్దుట కాదు.

మీటల జోలికి పోకమునుపు స్పీకరు ఎచ్చటనున్నదో చూడుడు. గది మూలను పెట్టినచో రెండు గోడలును నేలయు గూడి క్రింది స్థాయిలను ఉబ్బించును. మాది బియ్యపు డబ్బాల ప్రక్కన మూలనుండెడిది. మూడడుగులు ముందుకు జరిపినంతనే సగము బొంగురు పోయినది. దీనికి పైకము గాని విద్య గాని యక్కరలేదు. అంగడిలో నొకరు మా కష్టము విని ఇంకను పెద్ద స్పీకరు కొనుడని సలహా చెప్పిరి. ఆ సలహా విననందుకు సంతోషించితిమి.

పగలు గట్టిగా పెట్టి కుదుర్చుకొన్న అమరిక రాత్రి మెల్లగా పెట్టినప్పుడు పలుచనగుట మీరును గమనింతురు. ధ్వని చిన్నదగుకొలది మన చెవి క్రింది స్థాయిలను ఎక్కువగా పోగొట్టుకొనును. ఫ్లెచర్, మన్సన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 1933లోనే దీనిని కొలిచి గీతలు గీచి ప్రకటించిరి. రాత్రికి 125వ మీటను కొంచెము ఎత్తుకొన్నచో సరిపోవును. ఆడకుండగనే గుయ్యిమను పెట్టెలలో ఆ రొద మన విద్యుత్తుయొక్క 50 కంపనములది, దాని రెండింతలైన 100ది. 62, 125 మీటలను దించినచో అణగును గాని, తీగలు సరిగా లేకపోవుట దాని కారణమైనచో బాగుచేయువానిని పిలుచుటయే మేలు.

పాత రికార్డుల విషయములో ఆశ మితముగ నుండవలెను. 1925లో విద్యుత్తుతో ముద్రించు పద్ధతి రాకమునుపు గాయకులు కొమ్ముబూరవంటి గొట్టములోనికి పాడెడివారు. అట్టివానిలో 4000కు పైన పాట దాదాపు లేదు, ఉన్నది గీతల రొద మాత్రమే. మీడియం వేవ్ రేడియోనుండి పట్టుకొన్న భక్తిగీతములును ఇంతియే. కేంద్రమునకు కేంద్రమునకు ఎడము 9000 కంపనములే యగుటచేత, అందులో సగమునకు పైనున్న ధ్వనికి చోటు మిక్కిలి తక్కువ. 8000, 16000 మీటలను దించినచో బుస తగ్గును, పాటకు లోపము రాదు. ఎత్తినచో మాత్రము లేనిది పుట్టదు. ఫోనులలో రాక్, పాప్, జాజ్, క్లాసికల్ అను పేర్లతో సిద్ధముగ చేసియుంచిన అమరికలు కలవు. వానిలోని క్లాసికల్ త్యాగరాజస్వామివారిని ఎరిగినది కాదు. పేరు చూచి మోసపోక చెవితో నిర్ణయించుకొనుడు.

రామాలయములో మా ఆడువారి భజనకు మైకు పెట్టినప్పుడు ‘ఆడగొంతులు కీచుమనును, మెల్లగా పాడుడు’ అని చాలకాలము అనిపించుకొంటిమి. ఇంటిలో మీటలతో పరిచయమైన పిదప ఒక శనివారము ఆ పెట్టెనుగూడ చూచితిమి. మగవారి ప్రసంగము స్పష్టముగ వినబడుటకై ఎవరో 2000, 4000 మీటలను తలమొదలంట ఎత్తి అట్లే వదలిరి. ఆ రెంటిని నడుమకు దింపి, స్పీకరును మైకు వెనుకకుగాక ముందునకు జరిపితిమి. కూతలు మానినవి. కీచుదనమును మానినది. గొంతులు మావే.

ఇప్పుడు మా అత్తగారికి క్రొత్త చిక్కు వచ్చినది. పఠించునాయన శకారమును సకారముగ పలుకుచున్నాడట. ‘పాశమును పాసమనుచున్నాడమ్మాయీ, ఇన్నినాళ్లు ఇదియా మనము వినుట?’ అని నొచ్చుకొనిరి. మేము 4000ను ఒక గీత దించి, 8000ను రెండు గీతలు దించి, మీటలన్నిటిని నడుమకు తెచ్చియును విని చూచితిమి. మీటల దోషము కాదు. వేరొకరి పఠనమును వెదకుచున్నాము.